ఎడెర్ కొట్టింది గాలివాటం గోల్ కాదు

పోర్చుగల్ ఫుట్‌బాల్ అనగానే మన దగ్గర మాట రొనాల్డోతో మొదలై రొనాల్డోతోనే అయిపోతుంది. మహా అయితే ఫిగో, ఇంకాస్త పాత తరం వాళ్లయితే యుసేబియో. కానీ ఆ దేశానికి మొట్టమొదటి పెద్ద కప్పు తెచ్చిన గోల్ ఈ ముగ్గురిలో ఎవరిదీ కాదు. 2016 జులై 10న, యూరప్ దేశాల కప్పు యూరో ఫైనల్లో, ఫ్రాన్స్ మీద, వాళ్ల సొంతగడ్డ మీదే, అదనపు సమయంలో 109వ నిమిషంలో కొట్టింది స్ట్రైకర్ ఎడెర్. అప్పటి నుంచి అతని గురించి ఎక్కడ చర్చ వచ్చినా వినే మాట ఒక్కటే: లక్కు కొద్దీ తగిలింది. ఈ మాటతో నాకు గట్టి పేచీ ఉంది.

ఆ మ్యాచ్‌ని మళ్లీ మొదటి నుంచి చూడండి. ఫ్రాన్స్ ఆటగాడు పయే ఢీకొట్టడంతో మోకాలు దెబ్బతిని రొనాల్డో 25వ నిమిషంలోనే స్ట్రెచర్ మీద వెళ్లిపోయాడు. ఆ తర్వాత పోర్చుగల్ చాలాసేపు చేసింది ఒకటే, బంతిని తమ గోల్ దగ్గర్నుంచి దూరంగా కొట్టడం. కొట్టిన బంతిని ముందు నిలబడి ఆపుకునేవాడు లేడు, నాని అయినా క్వరెజ్మా అయినా అంచుల్లో పరిగెత్తే ఆటగాళ్లే, అందుకే గోడకేసి కొట్టినట్టు బంతి మళ్లీ ఫ్రాన్స్ కాళ్ల దగ్గరికే తిరిగొచ్చేది. 79వ నిమిషంలో కోచ్ ఫెర్నాండో సాంతోస్ 18 ఏళ్ల రెనాతో సాంచెస్‌ని తీసేసి ఎడెర్‌ని దింపాడు. టోర్నీ మొత్తంలో అప్పటివరకు ఎడెర్ ఆడింది గ్రూప్ దశలో కొద్ది నిమిషాలే. మనకు అర్ధరాత్రి దాటి చాలాసేపైంది, నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేనూ "ఇప్పుడు ఇతనెందుకు" అనుకున్నాను.

కానీ ఆట అక్కడే మారింది. పైకి కొట్టిన బంతికి ఇప్పుడు ఒక చిరునామా దొరికింది. ఎడెర్ ఎగిరి తలతో ఆపాడు, డిఫెండర్‌ని వీపుతో నెట్టుకుంటూ నిలబడ్డాడు, ఫౌల్స్ తెచ్చాడు, వెనకున్న పది మందికి ఊపిరి తీసుకునే టైమ్ ఇచ్చాడు. స్కోరుకార్డులో వీటికి గడి ఉండదు.

అదృష్టం అసలే లేదని నేను అనడం లేదు. 92వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు గిన్యాక్ షాట్ పోస్టుకు తగిలి బయటికి రాకపోయి ఉంటే కథ అక్కడే ముగిసేది. 107వ నిమిషంలో అయితే బంతి ఎడెర్ చేతికి తగిలితే, రిఫరీ క్లాటెన్‌బర్గ్ పొరబడి ఫ్రాన్స్ డిఫెండర్ కోసియెల్నీ చేతికి తగిలిందని ఫ్రీకిక్ ఇచ్చేశాడు, పైగా అతనికే యెల్లో కార్డ్ చూపించాడు. ఫ్రాన్స్‌కి అన్యాయమే జరిగింది. పోర్చుగల్ ఆటగాడు గెరేరో కొట్టిన ఆ ఫ్రీకిక్ క్రాస్‌బార్‌కి తగిలింది, అంటే ఆ పొరపాటు నుంచి నేరుగా గోల్ రాలేదు. మిగిలిందల్లా కోసియెల్నీ పేరు మీద ఆ కార్డు. నిమిషం తర్వాత మౌతిన్యో ఇచ్చిన పాస్ అందుకుని ఎడెర్ ఎడమవైపు నుంచి లోపలికి తిరిగినప్పుడు, వీపుకి అతుక్కుని ఉన్నది అదే కోసియెల్నీ. చొక్కా పట్టుకుని లాగితే రెండో కార్డు, అంటే రెడ్. ఎడెర్ భుజం అడ్డుపెట్టి అతణ్ని దూరంగా ఉంచాడు, రెండు మూడు అడుగులు వేశాడు, ఇరవై మీటర్లకు పైనుంచే నేల బారుగా కొట్టాడు. ఫ్రాన్స్ గోల్‌కీపర్ లోరిస్ ఒళ్లంతా చాచి దూకినా అందలేదు.

గాలివాటంగా తగిలే షాట్ ఇలా ఉండదు. బలమైన డిఫెండర్‌ని వీపు మీద మోస్తూ తిరగడం అతను ఏళ్ల తరబడి చేసిన పనే. 1987లో ఆఫ్రికాలోని గినీ-బిస్సావు రాజధాని బిస్సావులో పుట్టి చిన్నప్పుడే పోర్చుగల్ వచ్చాడు, ఇంట్లో పోషించే స్థోమత లేక కొయింబ్రా దగ్గర పిల్లల హాస్టల్లో పెరిగాడు. బెన్ఫికా, పోర్టో, స్పోర్టింగ్ లాంటి పెద్ద అకాడమీలు అతణ్ని తీర్చిదిద్దలేదు. కింది డివిజన్లలో మోచేతి దెబ్బలు తింటూ ఆడి 2008లో అకాదెమికా క్లబ్‌కి, 2012లో బ్రాగా క్లబ్‌కి చేరాడు. ఆ ఆటలో సొగసు తక్కువ, మొండితనం ఎక్కువ.

జనానికి కావాల్సింది వేరు. 47 గోల్స్ కొట్టిన పౌలేతా వెళ్లిపోయాక పోర్చుగల్ అలాంటి స్ట్రైకర్ కోసమే ఎదురుచూస్తూ ఉంది (ఆ పౌలేతా కూడా ఒక్కరోజైనా పోర్చుగల్ మొదటి డివిజన్లో ఆడలేదు, అది మాత్రం ఎవరూ గుర్తుచేసుకోరు). ఎడెర్‌కి దేశం తరఫున మొదటి గోల్ రావడానికి 2012 నుంచి 2015 జూన్ దాకా పట్టింది. ఈలోగా 2014 వరల్డ్ కప్‌లో ఒక్క గోల్ లేదు, ఎగతాళికి మాత్రం కొదవ లేదు. బ్రిటన్ క్లబ్ స్వాన్సీలో 15 మ్యాచ్‌లు, సున్నా గోల్స్. అదే మనిషి 2016 మొదట్లో లోన్ మీద (కొన్నాళ్లకు అరువుగా) ఫ్రాన్స్ క్లబ్ లిల్‌కి వెళ్లి సగం సీజన్లోనే లీగ్‌లో 6 గోల్స్ కొట్టాడు. ఆరు నెలల్లో కాళ్లు మారవు కదా! చివర్లో పది నిమిషాలు దింపి గోల్ కొట్టమనడం వేరు, మొదటి నుంచి నమ్మి ఆడించడం వేరు.

1975 తర్వాత పోర్చుగల్ ఫ్రాన్స్‌ని ఒక్కసారీ ఓడించలేదు, వరసగా పది ఓటములు, అందులో 1984, 2000, 2006 సెమీఫైనల్స్ కూడా ఉన్నాయి. ఎవరూ చెరపలేని ఆ లెక్కని చెరిపినవాణ్ని కూడా లక్కు పేరుతో పక్కన పెట్టేస్తే ఎలా?

పోనీ అది ఒక్కసారి జరిగిన వింతే అనుకుందాం. మరి 2018 మే 5న మాస్కోలో జరిగిందేమిటి? అప్పుడు ఎడెర్ ఆడుతున్న క్లబ్ లోకోమోటివ్ 2004 తర్వాత మళ్లీ రష్యా లీగ్ టైటిల్‌ని ఆ రోజే ఖాయం చేసుకోవాలంటే జెనిత్ క్లబ్‌ని ఓడించాలి. 87వ నిమిషం దాకా 0-0. మళ్లీ బెంచ్ మీద నుంచి వచ్చిన ఎడెర్ కొట్టాడు, 1-0, టైటిల్ వచ్చేసింది. ఆ నెలలోనే పోర్చుగల్ వరల్డ్ కప్ జట్టుని ప్రకటించింది. ఆ కప్పు జరిగింది అదే రష్యాలో. 23 మందిలో ఎడెర్ పేరు లేదు.