ఉప్మాకు జీవో

2024 సంక్రాంతి నుంచి 2025 సంక్రాంతి దాకా మన సినిమాల చుట్టూ వచ్చిన రచనల్లో ఏది గొప్పదని అడిగితే, నా ఓటు తెలంగాణ హోం శాఖకే. మిగతా రచయితలు మూడు గంటలు తీసుకుని కూడా కథ తేల్చలేక, చివర్లో 'మిగతాది రెండో భాగంలో' అని కార్డు వేసి చేతులు దులుపుకుంటున్నారు. హోం శాఖ అలాంటిది కాదు. వాళ్లిచ్చే జీవోలో, ఫలానా సినిమాకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా టికెట్ మీద ఇంత పెంచుకోవచ్చు, అంతే. ఆది, మధ్యం, అంతం అన్నీ ఉంటాయి. కింద సంతకం కూడా ఉంటుంది.

'పుష్ప 2'కి రాసింది వాళ్ల కళాఖండం. 2024 డిసెంబరు 4 రాత్రి తొమ్మిదిన్నర ఆటకి టికెట్ మీద అదనంగా 800 రూపాయలు. 5 నుంచి 8 దాకా మల్టీప్లెక్సులో 200, సింగిల్ స్క్రీన్‌లో 150. 9 నుంచి 16 దాకా 150, 105. 17 నుంచి 23 దాకా 50, 20. ఆ 105 దగ్గర ఒక్క క్షణం ఆగండి. 100 కాదు, 110 కాదు. ఎవరో మహానుభావుడు ఫైలు ముందేసుకుని, కళ్లజోడు సవరించుకుని, సామాన్యుడు 105 దాకా తట్టుకుంటాడు, 106 అయితే కుదేలవుతాడని లెక్క తేల్చి ఉండాలి. ఆ చేతికి దండం పెట్టాలి.

పెంపుకి కారణం ఎప్పుడూ ఒక్కటే. భారీ బడ్జెట్. అంత పెట్టమని ఎవరు చెప్పారని మాత్రం అడక్కూడదు.

ఈ సదుపాయం ఉందని మా వీధి చివర టిఫిన్ సెంటర్ ఆయనకి ఇంకా తెలిసినట్టు లేదు. తెలిస్తే రేపే సచివాలయం మెట్లెక్కుతాడు.

"అయ్యా, ఈసారి ఉప్మా భారీగా ప్లాన్ చేశాం. ప్లేటు నలభై మీకు తెలిసిందే. నూట నలభైకి అమ్ముకోడానికి పద్నాలుగు రోజులు పర్మిషన్ ఇప్పించాలి."

"ఏముందయ్యా అందులో అంత?"

"జీడిపప్పండీ."

"ఎన్ని?"

"ప్లేటుకి రెండే సార్. కానీ ఖర్చులో సగం పైన ఆ రెండింటికే పోయింది. రవ్వకి ఇంకా డబ్బులివ్వలేదు."

"మామూలు టైమింగ్సేనా?"

"తెల్లవారుజామున నాలుగింటికి ఒక స్పెషల్ వాయి కావాలండీ. ఆ టైంలో వచ్చేవాడు రుచి చూడడు సార్, ప్లేటు పట్టుకుని సెల్ఫీ దిగి అరుస్తాడు. ఎనిమిదింటికి సంసారులొచ్చి ఉప్పు తక్కువైందని ఊరంతా చెప్పేలోపు మా డబ్బులు మాకొచ్చేయాలి."

"మరి చట్నీ?"

"చట్నీ రెండో భాగంలో అండీ. వచ్చే ఏడాది."

అధికారి కరిగిపోతాడు. ఉప్మా పరిశ్రమ బతకాలి కదా! ఆర్డరు కాపీ పట్టుకుని బయటికొచ్చిన మావాడు, గౌరవ ముఖ్యమంత్రిగారికి హృదయపూర్వక ధన్యవాదాలు చెబుతూ పోస్టు పెడతాడు. ఉప్మా తిని డబ్బులిచ్చేవాడికి ధన్యవాదాలు ఉండవు. వాడు రికార్డులో అంకె మాత్రమే.

అన్నట్టు, 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజుల పాటు తలుపులు మూసేసుకున్నాయి. పెద్ద సినిమా లేదు, ఎన్నికలొకటి, ఐపీఎల్ ఒకటి, జనం రాలేదు. జనం ఎగబడితే రేటు పెంచడానికి కాగితం ఉంది. జనం రాకపోతే తగ్గించడానికి కాగితం ఎందుకు లేదో హోం శాఖకే తెలియాలి. అంతకుముందు సంక్రాంతికి 'హనుమాన్' మామూలు రేట్లకే ఆడి, వారాల తరబడి హాళ్లు నింపింది. దాన్ని చూసి ఎవరైనా నేర్చుకున్నారా? ఏం నేర్చుకోలేదు.

ఇక డిసెంబరు 21. ఆ రోజు జైసల్మేర్‌లో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని, ఉప్పూ కారం కలిపిన విడి పాప్‌కార్న్‌కి 5 శాతం, ప్యాకెట్ కట్టి లేబుల్ వేస్తే 12, కారమెల్ పూస్తే 18 అని తేల్చింది. సరిగ్గా అదే రోజు ఇక్కడ అసెంబ్లీలో ముఖ్యమంత్రి లేచి, తను పదవిలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలూ ఉండవు, రేట్ల పెంపూ ఉండదని ప్రకటించారు. ఆ మాట రావడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో, భర్తతో పిల్లలతో 'పుష్ప 2'కొచ్చిన ఒక తల్లి చచ్చిపోయింది. ఆమె కొడుకు 2025 సంక్రాంతికి కూడా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. మనం టీవీల్లో ఏం చూశాం? హీరో ఏ దారిన వచ్చాడు, కారు పైకప్పులోంచి చెయ్యి ఎంతసేపు ఊపాడు, బందోబస్తు అడుగుతూ థియేటర్ వాళ్లు రాసిన లేఖ ఎవరికి చేరింది. ఛీ! మర్నాడు పొద్దున అదే తెర మీద అదే బొమ్మ పడుతుంటే, ముందు రాత్రే అంతమందిని ఆ ఇరుకులో కుక్కాల్సిన అవసరం ఏమొచ్చింది? ఆ 800 తప్ప ఇంకేముంది? ఆటకి అనుమతిచ్చింది హోం శాఖ. జనాన్ని అదుపు చేయాల్సిన పోలీసులు హోం శాఖ. కేసు పెట్టి అరెస్టులు చేసిందీ వాళ్లే. నిందితుల జాబితాలో థియేటర్ వాళ్లున్నారు, హీరో ఉన్నాడు. ఆ కాగితం మీద సంతకం మాత్రం లేదు.

అసెంబ్లీ మాట పద్దెనిమిది రోజులు నిలబడింది. జనవరి 8న 'గేమ్ ఛేంజర్'కి మళ్లీ కాగితం. 10న తెల్లవారుజామున నాలుగింటి ఆట, మల్టీప్లెక్సులో 150, సింగిల్ స్క్రీన్‌లో 100 అదనం. ఇదేం పద్ధతని హైకోర్టు నిలదీశాక, 11న వెనక్కి తీసుకున్నారు. నాలుగింటి ఆట అప్పటికే అయిపోయింది.

అటు ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో నేల టికెట్ 5 రూపాయలని జీవో ఇచ్చారు. అదే రాష్ట్రంలో, క్రాస్ రోడ్స్ ఘటనకి నెల తిరిగిందో లేదో, ఇదే 'గేమ్ ఛేంజర్'కి అర్ధరాత్రి ఒంటిగంట ఆటకి అనుమతిచ్చారు. టికెట్ 600.