సవరణ: వీల్యాన్ విడదీస్తే సరిపోదు

ఒకే స్విచ్‌కు (కేబుళ్లన్నీ కలిపే పెట్టెకు) ఉన్న పరికరాలను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడదీసే పద్ధతి వీల్యాన్ (VLAN). గత వారం పోస్టులో ‘సీసీ కెమెరాలను, అకౌంట్స్ కంప్యూటర్లను వేర్వేరు వీల్యాన్‌లలో పెడితే ఒకదాన్నుంచి మరొకదానికి దారి ఉండదు’ అని రాశాను. అది తప్పు. ఆ మాట నమ్మి ఎవరైనా అలాగే వదిలేశారేమోనని టెన్షన్‌గా ఉంది. క్షమించండి.

వీల్యాన్ విడదీసేది స్విచ్ స్థాయిలోనే. రెండు వీల్యాన్‌లకూ గేట్‌వేగా, అంటే బయటికెళ్లే దారిగా ఉన్న రౌటర్‌లో అడ్డుకునే రూల్ లేకపోతే, అది ప్యాకెట్లను (డేటా ముక్కలను) ఇటు నుంచి అటు పంపేస్తుంది. నిన్న మా ఆఫీసులో కెమెరా కేబుల్ తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టి, అకౌంట్స్ సర్వర్‌ను పింగ్ చేశాను, అంటే జవాబు వస్తుందో లేదో చూసే చిన్న సందేశాలు పంపాను. నాలుగుకు నాలుగూ జవాబులొచ్చాయి! విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే 445 పోర్టు కూడా తెరిచే ఉంది. 2017 మేలో వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఒక విండోస్ కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఈ పోర్టు మీదుగానే.

అందుకని వీల్యాన్‌ల మధ్య అవసరమైన దారి మాత్రమే ఇవ్వండి. కెమెరాలైతే రికార్డర్ దాకా, అంతే. మిగతా అన్నిటినీ ఆపే రూల్ జాబితాలో చివరన ఉండాలి. ఎందుకంటే చాలా ఫైర్‌వాల్స్ (ఈ రూల్స్‌ను అమలు చేసేవి) రూల్స్‌ను పైనుంచి కిందికి చూసి, మొదట సరిపోయినదాన్నే అమలు చేస్తాయి. రూల్స్ పెట్టాక నాలాగే కేబుల్ పెట్టి పరీక్షించండి.