పదకొండు మంది, పది బట్టీలు, ఒక ‘చూద్దాం’

పద్నాలుగు నెలల క్రితం ఒక శుక్రవారం రాత్రి మా వాట్సాప్ బృందంలో ఒక ప్రశ్న వెలువడింది: “మే నెలలో ఒక వారాంతం ఐలా దీవికి వెళ్ళి విస్కీ బట్టీలు చూసి వద్దామా?” ప్రశ్న సరళమైనది, అడిగిన నేను నిర్దోషిని. బ్రిటన్‌లో స్థిరపడిన పదకొండు మంది తెలుగు మగవాళ్ళ బృందం అది. నేను పోగా మిగిలిన పది మందిలో ఎనిమిది మంది బొటనవేలు ఎత్తారు, ఒకరు చేతులు జోడించారు, మిల్టన్ కీన్స్‌లో ఉండే మా బావగారు మాత్రం కాసేపు ఆలోచించి “చూద్దాం” అన్నారు.

ఆ మాట బలం ఎంతటిదో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ‘వెళ్దాం’ అన్నవాడు వెళ్ళవలసి వస్తుంది, ‘వద్దు’ అన్నవాడు కారణం చెప్పవలసి వస్తుంది. ‘చూద్దాం’ అన్నవాడు వెళ్ళేవారితో వెళ్ళగలడు, మానుకునేవారితో మానుకోగలడు, డబ్బు కట్టమన్న రోజున “నేను అప్పుడే చెప్పాను కదా” అని ఇద్దరి మీదా గెలవగలడు. విశ్వామిత్రుడు అంత తపస్సు ధారపోసి త్రిశంకుడి కోసం కట్టిన స్వర్గాన్ని మా బావగారు రెండక్షరాలతో కట్టి, అందులో మిగతా పది మందినీ కాపురం పెట్టించారు. తెల్లవారేసరికి బొటనవేళ్ళన్నీ దిగిపోయాయి. అందరూ చూడసాగారు.

చూడవలసినది ఏమిటో కూడా చెప్పాలి. స్కాట్లాండ్ పశ్చిమ తీరానికి ఆవల ఉన్న హెబ్రిడీస్ దీవులలో ఐలా ఒకటి. అక్కడ నివసించేవారు మూడు వేల పైచిలుకు, అంటే మన వైపు ఒక మోస్తరు పంచాయతీ. ఆ పంచాయతీకి పది విస్కీ బట్టీలున్నాయి. 1779 నాటి బోమోర్ అన్నిటికన్నా పాతది. 1983లో మూతపడిన పోర్ట్ ఎలెన్ 2024లో మళ్ళీ పొయ్యి వెలిగించింది. అక్కడి చిత్తడి నేలల్లో మొక్కలు వేల ఏళ్ళుగా కుళ్ళి, నల్లబడి, అణగిన పీట్ అనే మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. ఆ పొగ మీద బార్లీ మొలకలను ఆరబెడతారు. అందువల్ల ఆ దీవి విస్కీలు చాలావాటికి మన ప్రభుత్వాసుపత్రిలో కట్టు మార్చే గది వాసన వస్తుంది. ఆ వాసన కోసం జనం ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు.

మొదటి మూడు వారాలు ఉచ్చారణకు సరిపోయాయి. ‘ఇస్లే’ అని కనిపించేదాన్ని ‘ఐలా’ అని ఎందుకు పలకాలని ఆక్షేపించిన మిత్రుడు, ‘రీడింగ్’ అని రాసి ‘రెడ్డింగ్’ అని పలికే ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఇంటి పన్ను కడుతున్నాడు. ఈయనే మా బృందంలో విస్కీ పండితుడు కూడా. రెండేళ్ళ క్రితం వరకు ఏ సీసా తెచ్చినా థమ్సప్‌లో కలుపుకొని తాగిన ఈ మనిషి, ఇప్పుడు బార్లీలో పొగ తాలూకు ఫినాల్ పది లక్షల్లో ఎన్ని భాగాలుందో చెప్పకుండా నోరు తెరవడు. ఆర్డ్‌బెగ్‌కు సుమారు 55, లాగవూలిన్‌కు సుమారు 35, బోమోర్‌కు సుమారు 25 అని ఎమ్‌సెట్ మార్కుల్లా చదువుతాడు. 25 వచ్చినవాడిని చూసి జాలిపడతాడు. ఎప్పుడు బయలుదేరుదామని అడిగితే మాత్రం ఆయన దగ్గర అంకె ఉండదు.

ప్రయాణ మార్గం మీద చర్చ వసంతకాలమంతా నడిచింది. గ్లాస్గో నుంచి కెనాక్రైగ్ రేవుకు కారులో దాదాపు మూడు గంటలు, అక్కడి నుంచి ఓడలో మరో రెండు గంటల పైన. ఆ దారిలో ‘విశ్రమించు, కృతజ్ఞతతో ఉండు’ అని అర్థం వచ్చే పేరున్న కనుమ ఒకటి ఉంది. కొండచరియలు విరిగిపడి ఆ రోడ్డు మూతబడినప్పుడల్లా ప్రయాణికులు మొదటి ఆజ్ఞను పాటిస్తారు, రెండవదానిని పాటించరు. గ్లాస్గో నుంచి విమానమైతే ముప్పావు గంటలోపే చేరవచ్చు. కానీ 1994 జూన్‌లో, ఇప్పటి రాజు చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు, స్వయంగా నడిపిన విమానం ఐలాలో రన్‌వే దాటి బురదలోకి పోయిందని ఎడిన్‌బరా అన్నయ్య ఎక్కడో చదివి, “రాజుకే దిక్కులేదు, మనమెంత” అని విమానం ప్రతిపాదనను కొట్టివేశారు. యువరాజు ఆ పర్యటనలోనే లఫ్రోయిగ్ బట్టీ చూసి మరీ తిరిగివెళ్ళాడన్న సంగతి నేను సభ దృష్టికి తెచ్చాను. విమానం బురదలో దిగబడినా ఆయన ‘చూద్దాం’ అనలేదు. నా వాదనను ఎవరూ పట్టించుకోలేదు.

ఇక వాహనం నడిపేదెవరన్న ప్రశ్న. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 50 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంగ్లండ్‌లో 80 దాకా చెల్లుతుంది. ఇంగ్లండ్ శాఖవారు దీనిని ప్రాంతీయ వివక్షగా భావించారు. మన దేశంలో అది 30 మాత్రమేనని నేను చెప్పగా, “అక్కడ ఎవడు కొలుస్తాడండీ” అన్న సమాధానం వచ్చింది. అప్పుడు మా పండితుడు, తన జీవితంలో మొదటిసారిగా ఒక తేదీని ప్రతిపాదించాడు: నవంబరు నెలాఖరు. కారణం అడగ్గా, బృందంలో ఇద్దరు ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు కాబట్టి ఆ నలభై ఒక్క రోజుల్లో వెళితే డ్రైవర్ల సమస్య సహజంగా తీరుతుందన్నాడు. నల్లబట్టలతో, నుదుట విభూతితో, చలికి వణుకుతూ బట్టీ బయట కారులో కూర్చున్న ఇద్దరు స్వాములను ఊహించుకొని సభ కాసేపు మౌనం వహించింది. ఆ ఇద్దరిలో ఒకరు “స్వామి శరణం” అని మాత్రమే రాసి ఆ చర్చ నుంచి వైదొలిగారు. బట్టీల వారు డ్రైవరు తాగకుండా ఇంటికి తీసుకుపోయేందుకు చిన్న సీసాలో అతని వాటా పోసి ఇస్తారని తెలిసిన తర్వాత, ఆ సీసాలు డ్రైవరువా, బృందానివా అన్న వివాదం మరో తొమ్మిది రోజులు సాగింది.

అయినా ఇవన్నీ భూమి విచారణ ముందు దిగదుడుపే.

లఫ్రోయిగ్ వారు 1994లో ఒక పథకం పెట్టారు. వారి సీసా ఒకటి కొని పేరు నమోదు చేసుకున్నవారికి, బట్టీ ఎదుటి పచ్చిక బయలులో ఒక చదరపు అడుగు నేలను జీవితకాలం కౌలుకిచ్చినట్టు పత్రం పంపుతారు. విచిత్రమేమిటంటే కౌలు మనం కట్టనక్కరలేదు, వారే కడతారు: దీవికి వెళ్ళినప్పుడు ఏడాదికి ఒక చిన్న పెగ్గు. ఈ సమాచారాన్ని నేను ఉత్సాహం కలుగుతుందని బృందంలో పెట్టాను. పెట్టకుండా ఉండవలసింది. పది మంది తెలుగువాళ్ళ ముందు ‘ప్లాటు’ అన్న మాట పలికితే ఏమవుతుందో గ్లాస్గోలో ఇన్నేళ్ళున్న నాకు తెలిసి ఉండాలి.

ఆ ఆదివారం పెట్టిన సమావేశానికి, ఓడ టికెట్ల గురించి నాలుగుసార్లు పిలిచినా రానివారందరూ ఐదు నిమిషాలు ముందే హాజరయ్యారు. మొదటి ప్రశ్న బావగారిది: “గజంలో ఎంత?” తొమ్మిదో వంతు అని చెప్పాను. పదకొండు మందిమీ పక్కపక్కన తీసుకుంటే ఒక గజం, రెండు అడుగులు వస్తుందని, ఆ రెండు అడుగులను దారికి వదలవచ్చునని ఎడిన్‌బరా అన్నయ్య లెక్క తేల్చారు. అది వ్యవసాయ భూమా, ఇళ్ళ స్థలమా, నాలా మార్పిడి అయిందా అని ఒకరు. లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా, ఈసీ ముప్పై ఏళ్ళకు తీయించారా అని ఇంకొకరు. బట్టీ 1815 నుంచి అక్కడే ఉందన్నాను. “అప్పటి నుంచి ఉన్నంత మాత్రాన టైటిల్ క్లియర్ అయినట్టు కాదు తమ్ముడూ” అని, ఘట్‌కేసర్ దగ్గర రెండు ప్లాట్లు పోగొట్టుకున్న అనుభవంతో అన్నయ్య నన్ను మందలించారు. స్కాట్లాండ్ చట్టం ప్రకారం ఇలాంటి జ్ఞాపికా స్థలాలను భూమి రిజిస్టరులో నమోదు చేయరని చెప్పడం నా రెండవ తప్పు. “అంటే నోటరీ భూమన్నమాట!” అని సభ ఏకకంఠంతో నిట్టూర్చింది. తర్వాత బావగారు గొంతు తగ్గించి, అసలు సంగతి అడిగారు: “తూర్పు ముఖమేనా?” ఒక చదరపు అడుగుకు నాలుగు ముఖాలుంటాయని, మనం ఎటు తిరిగి నిలబడితే అదే దాని ముఖమని నేను వాదించాను. ఎవరూ వినలేదు. ఈశాన్యం పెరిగి ఉండాలని ఒకరు, అడుగు స్థలంలో పెరగడానికేముందని మరొకరు వాదులాడుకున్నారు. నైరుతి పల్లమైతే ఇచ్చిన పెగ్గు కూడా అచ్చిరాదని మూడవవారు తేల్చారు. రెండు గంటల పది నిమిషాల తర్వాత సమావేశం ముగిసింది. ఏ వారాంతం వెళ్ళాలన్న ప్రస్తావన రాలేదు.

ఈలోగా మే చివర జరిగే ఫేష్ ఈలా ఉత్సవానికి దీవిలో గదులన్నీ ఎప్పటిలాగే ముందే నిండిపోయాయి. సరే, అక్కడితో కథ ముగిసి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాడిని కాను; ఇన్నాళ్ళూ జరిగినది వినోదమే. తర్వాత జరిగినది వినోదం కాదు.

“ఎందుకైనా మంచిది, చేతిలో ఉంటే చూద్దాం” అని మా బృందం జూన్‌లో ఒకటి, జూలైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, మొత్తం మూడు వారాంతాలకు మూడేసి కార్ల చొప్పున ఓడలో చోటు బుక్ చేసి పెట్టింది. ఒక్కటీ వాడుకోలేదు. రెండింటిని ముందు రోజు రద్దు చేశారు, మూడవదాన్ని రద్దు చేయడం కూడా మరచిపోయారు. డబ్బు పోయిందని బాధపడ్డారే తప్ప వేరే ఆలోచన ఎవరికీ కలగలేదు.

ఆ ఓడ మనకు విహారం. ఆ మూడు వేల మందికి అది రోడ్డు. బోమోర్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి; పెద్ద జబ్బు చేస్తే గ్లాస్గోకు రావాలి. బార్లీ లారీలు, విస్కీ ట్యాంకర్లు, గొర్రెలను సంతకు తోలుకెళ్ళే బండ్లు, ఇంట్లోకి కావలసిన పప్పూ ఉప్పూ అన్నీ ఆ ఓడ మీదే. ఉన్న ఓడలు పాతబడ్డాయి, టర్కీలో కట్టించబూనిన కొత్తవాటికి చెప్పిన తేదీలు మళ్ళీ మళ్ళీ దాటిపోయాయి. (అదే తీరాన ఉన్న ఆరన్ దీవి కోసం కట్టిన ఓడకు 2017లో కిటికీల చోట రంగు పూసి జలప్రవేశం చేయించారు, అది ప్రయాణికులను ఎక్కించుకున్నది 2025 జనవరిలో. శంకుస్థాపనలలో ఆరితేరిన మన నాయకులకు సైతం ఈ ఉపాయం తట్టలేదు.) అటువంటి ఓడలో వేసవి వారాంతాన మూడు కార్ల చోటు ఖాళీగా పోయిందంటే, రేవులో ఎవరో ముసలాయన కారు వెనక్కి మళ్ళిందని అర్థం. సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మూడంకెల వెయిటింగ్ లిస్టు చూసుకొని, ఏజెంట్లు బెర్తులు బిగబట్టారని తిట్టుకుంటూ, జనరల్ పెట్టెలో నిలబడి ఇంటికి చేరిన మనుషులం మనం. ఏజెంటు కనీసం కడుపుకోసం చేశాడు. మనం దేనికోసం చేశాం? ఒక మాట అవుననో కాదనో చెప్పడానికి బద్ధకించి, పెద్ద ఉద్యోగాలు చేసే పదకొండు మందిమి తెలియని దీవిలో తెలియని మనుషుల దారికి అడ్డంగా కూర్చున్నాం. సిగ్గుపడండి బావగారూ. నేనూ పడుతున్నాను, ఆ బుకింగులలో ఒకటి నా కార్డు మీద జరిగింది.

అక్టోబరులో నేను ఒక్కడినే బస్సులో కెనాక్రైగ్ వెళ్ళి, కారు లేని ప్రయాణికుడిగా ఓడ ఎక్కాను. కారు డెక్కులో ఒక్క అంగుళం ఆక్రమించలేదు. పోర్ట్ ఎలెన్ రేవులో దిగితే లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ మూడూ ఒకే కాలిబాట మీద, మూడు మైళ్ళు, కాస్త పైచిలుకు దూరంలో వరుసగా వస్తాయి. డ్రైవరు అక్కరలేదు, స్వాములు అక్కరలేదు. ఇన్ని నెలల చర్చలో ఈ కాలిబాట ప్రస్తావన ఒక్కసారి కూడా రాకపోవడం నన్ను ఆశ్చర్యపరచలేదు. నడక అన్నది మా బృందంలో వైద్యులు చెప్పినప్పుడు తప్ప చర్చకు వచ్చే అంశం కాదు. మరునాడు బోమోర్‌లో 1767 నాటి గుండ్రటి చర్చి చూశాను. మూలలుంటే సైతాను దాక్కుంటాడని గుండ్రంగా కట్టారని అంటారు. అమ్మకు పంపడానికి ఫోటో తీశాను. దీవికి ఎందుకు వెళ్ళానన్న ప్రశ్నకు ఆ ఫోటోయే సమాధానం.

వాన తుంపరలో, రబ్బరు బూట్లు తొడుక్కొని, చిన్న జెండా ఒకటి చేత పట్టుకొని, లఫ్రోయిగ్ ఎదుటి పచ్చికలో నా చదరపు అడుగు వెతుక్కొని దాని మీద నిలబడ్డాను. ఒక పాదం నా భూమిలో, రెండవ పాదం బహుశా ఎవరో జర్మన్ దేశస్థుడి భూమిలో ఉన్నాయి. కౌలు పుచ్చుకున్నాను. కట్టు మార్చే గది వాసనే, కానీ బాగుంది. ఫోటో బృందంలో పెట్టిన రెండు నిమిషాలకు, పద్నాలుగు నెలల్లో ఎన్నడూ ఇంత త్వరగా స్పందించని బావగారు ఒక్క వాక్యం రాశారు: “నైరుతి ఎలా ఉంది?”

చుట్టూ ఎవరూ లేరని నిర్ధారించుకొని ఫోనులో దిక్సూచి తీసి చూశాను. పల్లంగానే ఉంది.