పోయని నీళ్లకు పూసిన పూలు

నా చేతుల్లో ఇంతవరకు పద్నాలుగు మొక్కలు పోయాయి. అన్నిటికీ వేళకు నీళ్లు పోశాను. ఈ రెండు వాక్యాలకూ ఏదో సంబంధం ఉందని ఒప్పుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఒప్పుకున్నాక ఊరుకోకూడదు కనుక, నిర్లక్ష్యాన్ని ఒక ఉద్యానవిద్యగా గుర్తించాలని, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో దానికొక పీఠం నెలకొల్పాలని ఇందుమూలంగా ప్రతిపాదిస్తున్నాను. తొలి ఆచార్య పదవికి మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పేరు సూచిస్తాను. ఆయన అర్హతలు ముందుముందు మనవి చేస్తాను.

మొదట రోడ్డు సాక్ష్యం. ఏ ఫిబ్రవరిలోనో హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణించి చూడండి. వచ్చే బళ్లకూ పోయే బళ్లకూ నడుమ, పిడికెడు మట్టిలో, కాగితం పూలు విరగబూసి ఉంటాయి. డీజిలు పొగ పీలుస్తాయి, లారీల దుమ్ము మోస్తాయి. ఎప్పుడో దయ పుట్టినప్పుడు ఒక ట్యాంకరు వచ్చి సగం నీళ్లు మొక్కకూ సగం తారుకూ పోసి వెళుతుంది. పక్కనే గన్నేరు. దానికి కంచె కూడా అక్కర్లేదు. ఆకు నుంచి వేరు దాకా విషమే కనుక, ఎంత ఆకలి మీదున్న మేకైనా మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. ఆ మొక్కలకు ఎవరూ పేర్లు పెట్టరు, పాటలు వినిపించరు, పొద్దున లేచి ఆకులు లెక్కపెట్టరు. అయినా పూస్తాయి.

అదే కాగితం పూల మొక్కను నేను 250 రూపాయలకు కొన్నాను. కొన్ననాడు దాని ఒంటినిండా పూలు. కడియం నుంచి లారీలో దిగిందని అమ్మినతను గర్వంగా చెప్పాడు. గర్వపడవలసిందే. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక, బుర్రిలంక చుట్టూ ఉన్న వందల నర్సరీలు దేశం నలుమూలలకూ రంగులు ఎగుమతి చేస్తాయి. గోదావరి ఒండ్రుమట్టి ముద్దలో కూర్చుని, ఆకుపచ్చ వల కింద కళ్లు తెరిచి, కోనసీమ గాలి తాగి పెరిగిన పిల్ల అది. దాన్ని తెచ్చి బోరు నీళ్లూ కాంక్రీటు వేడీ తప్ప మరేమీ లేని మిద్దె మీద నిలబెట్టాను. ఆ తప్పును ప్రేమతో పూడ్చాలనుకున్నాను. అక్కడే కథ అడ్డం తిరిగింది.

బియ్యం కడిగిన నీళ్లు పొద్దున, ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు మధ్యాహ్నం. వారానికొకసారి అరటితొక్కల కషాయం. గుడ్డు పెంకుల పొడి, వాడేసిన టీపొడి, పులిసిన మజ్జిగ. మా ఇంట్లో మనుషులకు ఒక కూర, చారు. కుండీలకు మాత్రం షడ్రసోపేతమైన భోజనం. పండగలకు ప్రత్యేకంగా వేరుశనగ చెక్క మూడు రోజులు నానబెట్టి పోసేవాణ్ణి. నానిన వేరుశనగ చెక్క వాసన తెలిసినవారికి చెప్పనక్కర్లేదు, తెలియనివారికి చెప్పినా అర్థం కాదు. దాని మీద మా అపార్ట్‌మెంటు సంఘం రెండుసార్లు సమావేశమైంది. మొదటి సమావేశంలో డ్రైనేజీ పైపు పగిలిందని తీర్మానించారు. రెండో సమావేశానికి నేను వెళ్లలేదు.

ఇంత మేపినందుకు కాగితం పూల మొక్క నాకేమిచ్చింది? ఆకులు. అరచేయంత, మెరిసే, ముదురు ఆకుపచ్చ ఆకులు. మూడేళ్లలో ఒక్క పువ్వు లేదు. కొత్త కొమ్మలకు ముళ్లు మాత్రం లోటు లేకుండా వచ్చాయి. కారణం ఏ ఉద్యానశాఖ ఉద్యోగిని అడిగినా ఒక్క ముక్కలో చెబుతారు. నత్రజని ఎక్కువైతే, వేళ్ల దగ్గర తడి ఆరకపోతే, ఈ మొక్క ఒళ్లు పెంచుకుంటుంది. మట్టి ఎండాలి, వేళ్లకు చోటు ఇరుకవ్వాలి, రోజుకు కనీసం అయిదారు గంటల ఎండ తగలాలి. అప్పుడు దానికి ప్రాణభయం పట్టుకుంటుంది, పూస్తుంది. అంటే మనం ముచ్చటపడి ఫొటోలు తీసుకునే ఆ రంగులన్నీ ఒక మొక్క రాసుకున్న వీలునామా.

అన్నట్టు, ఆ రంగులవి పూలు కూడా కావు. రంగు తేలిన ఆకులు. అసలు పువ్వు నడుమ తెల్లగా, సన్నగా, కొబ్బరి తురుము పలుకంత ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. పక్కన నిలబడిన ఆకులకే పేరంతా. ఈ మొక్క చరిత్ర కూడా అచ్చం ఇలాగే నడిచింది. 1767లో ఒక ఫ్రెంచి నౌకాయాత్ర బ్రెజిల్‌లోని రియో డి జనీరో రేవుకు చేరింది. ఓడలో ఫిలిబెర్ కొమెర్సోన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయన వెంట మగవేషం వేసుకుని పరిచారకుడిలా ఓడెక్కిన ఝాన్ బారే అనే మహిళ ఉన్నారు. కొండలెక్కి గుట్టలు దిగి మొక్కల మూటలు మోసిన మనిషి ఆమె. భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా చరిత్ర ఆమెను తరువాత తీరిగ్గా గుర్తించింది. గుర్తించి వర్ణించినవాడు ఒకడు, మోసినది ఒకావిడ. మొక్కకు పేరు మాత్రం ఓడలో పై గదిలో కూర్చున్న దళపతి లూయీ ఆంటోన్ ద బూగెన్‌విల్‌ది పడి బోగన్‌విలియా అయింది. ఆకులు పువ్వు పేరు కొట్టేసిన మొక్కకు ఇంతకంటే తగిన నామకరణం ఉండదు.

నూరువరహాలు గురించి ఎక్కువ చెప్పను, గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పేరు చూసి కొన్నాను. నూటఎనభై రూపాయలకు నూరు వరహాలంటే ఎవరు కాదంటారు? దాని శాస్త్రీయ నామం ఇక్సోరా, మన ఈశ్వరుడి పేరే పోర్చుగీసుల నోట పడి అలా అయిందట. ఈశ్వరుడికి గంగ నెత్తిన ఉంటుంది, మాకు ఎనిమిది వందల అడుగుల లోతున ఉంది. ఆ బోరు నీళ్ల సున్నం మట్టిలో పేరుకుంటే, ఇనుము ఉన్నా ఈ మొక్క అందుకోలేదు. ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. నేను చూసి, దాహమనుకుని మరో చెంబు బోరు నీళ్లు పోశాను. అలా నాలుగు నెలలు.

దేవగన్నేరుది వేరే తరహా చావు. గుళ్ల ఆవరణల్లో చూసి చూసి అది మన పురాణాల కాలం నుంచీ ఉందనుకుంటాం గానీ, దాని పుట్టిల్లు మెక్సికో, కరీబియన్ దీవుల వైపు. పైగా పేరులో దేవుణ్ణి పెట్టుకుని చేసేది మోసం. రాత్రిళ్లు ఘుమఘుమలాడుతూ చిమ్మటలను పిలుస్తుంది. పువ్వులో చుక్క తేనె ఉండదు. పాపం చిమ్మట, ఈ పువ్వులో లేకపోతే ఆ పువ్వులో ఉంటుందని తిరిగి తిరిగి, దాని పుప్పొడి మోసిపెట్టి, ఉత్త నోటితో వెళుతుంది. పెళ్లికి పిలిచి, కుర్చీలు సర్దించి, భోజనం దాటేసే చుట్టాలు మనకూ లేకపోలేదు. అలాంటి గడుసు మొక్క శీతాకాలంలో ఆకులన్నీ రాల్చి మోడులా నిలబడింది. "పోయిందండీ" అన్నది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. అది నిద్ర అని, మార్చిలో దానంతటదే లేస్తుందని తెలియదు కనుక, బతికించాలని రెండు పూటలా నీళ్లు పోశాను. నెల తిరిగేసరికి కాండం ఉడికిన ముల్లంగిలా మెత్తబడింది. మా ఆవిడ మాటే నిజమైంది. నేను నిజం చేశాను.

ఇక మందారం. నా సిద్ధాంతానికి ఇదొక్కటే ఎదురుతిరిగిన సాక్షి. దీన్ని నిర్లక్ష్యం చేయడానికి వీల్లేదు. వేసవిలో ఒక పూట కుండీ ఎండితే మొగ్గలన్నీ రాలుస్తుంది. తడి నిలిచిపోతే కూడా రాలుస్తుంది. చోటు మార్చినా రాలుస్తుంది. ఇన్ని అలకలు తట్టుకుని కాపాడితే పొద్దున పూసిన పువ్వు సాయంత్రానికి ముడుచుకుపోతుంది. ఇంత సుకుమారిని మలేసియావారు జాతీయ పుష్పం చేసుకున్నారంటే వాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

మందారం మన కోసం పూయదు. ముందు పిండినల్లి కోసం. లేత చిగురు మీద దూది అంటించినట్టు తెల్లగా ఒక చుక్క కనబడుతుంది. "ఏదో దుమ్ములే" అనుకున్న వారానికి కొమ్మంతా దూది. పిండినల్లి రసం పీల్చి తీపి జిగురు విసర్జిస్తుంది, చీమలు దాన్ని తాగుతాయి. తాగి ఊరుకోవు. పిండినల్లిని తినవచ్చే అక్షింతల పురుగులను తరిమి కాపలా కాస్తాయి. మన పాడి పశువులకు కూడా ఇంత పకడ్బందీ ఏర్పాటు లేదు. లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, చల్లపూట ఆకు అడుగున తడిసేలా వారం వారం కొడితే లొంగుతాయి. నేను మిట్టమధ్యాహ్నం కొట్టాను. నల్లి బతికింది, ఆకులు మాడాయి.

నల్లికి పోగా మిగిలిన పూలు పక్క ఫ్లాటు పంతులమ్మగారివి. మందారం కుండీ కారిడార్లో, తూర్పు ఎండ తగిలేచోట, సరిగ్గా ఆమె గుమ్మం పక్కన ఉంది. పొద్దున అయిదున్నరకు, నేను కళ్లు తెరవకముందే, చిన్న సజ్జ పట్టుకుని వస్తారు. ఒకసారి కాపు కాసి పట్టుకున్నాను. "దేవుడి పువ్వు కదా నాయనా, ఎవరు కోస్తే ఏమిటి? పుణ్యంలో నీకూ వాటా ఉంటుందిలే" అన్నారు. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, ఆ వాటా ఎంతో మాత్రం తేల్చలేదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మా ఇంటి మొక్కలన్నిటిలో ఏపుగా ఉన్నది అదొక్కటే. దానికి సరిగ్గా ఎప్పుడు నీళ్లు కావాలో ఆమెకు తెలుసు, ఎందుకంటే రేపటి పూజ దాని మీద ఆధారపడి ఉంది. నేను దాని మీద కవిత రాశాను. ఆమె మట్టిలో వేలు గుచ్చి చూశారు.

అసలు సంగతికి వస్తాను. సంక్రాంతికి ఊరు వెళ్లాం. నాలుగు రోజులనుకున్నది, మా అత్తగారు వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకోవడంతో నెల దాటింది. వెళ్లేటప్పుడు వాచ్‌మన్ చేతిలో అయిదు వందలు పెట్టి, మిద్దె మీద మొక్కకు రోజూ నీళ్లు పోయమన్నాను. ఎంత పోయాలో, ఎప్పుడు పోయాలో, బియ్యం కడుగు ఎవరింట్లో అడగాలో ఒక కాగితం మీద రాసిచ్చాను.

ఫిబ్రవరి రెండో వారంలో తిరిగివచ్చి, మూట దించకుండానే పైకి పరిగెత్తాను. తలుపు తీస్తే కళ్లు జిగేలుమన్నాయి. కాగితం పూల మొక్కకు ఆకు లేదు. కొమ్మ కొమ్మా రాణి రంగు. పిట్టగోడ మీదుగా కింది అంతస్తు వైపు ఒరిగి, గుత్తులు గుత్తులుగా, పెళ్లి పందిరిలా. మూడేళ్లు నేను బతిమాలినా పూయని మొక్క.

వాచ్‌మన్ వెనకే వచ్చాడు. "రోజూ రెండు పూటలా పోశాను సార్" అన్నాడు.

నేను కుండీ వైపు చూశాను. మట్టి పగుళ్లిచ్చి ఉంది. వెళ్లేముందు బోర్లించిన బకెట్టు బోర్లించినట్టే ఉంది, దాని పిడికీ గోడకూ మధ్య సాలెపురుగు ఒకటి కాపురం పెట్టి పిల్లలతో స్థిరపడింది. నేను రాసిచ్చిన కాగితం నాలుగు మడతలతో అతని చొక్కా జేబులోనే కనబడుతోంది, మడత విప్పిన జాడ లేదు. ఇక ఆ పూల సంగతి సరేసరి. అతను ఒక్క చుక్క పోసి ఉంటే అవి పూసేవి కావు. అబద్ధమాడినవాణ్ణి పట్టించే సాక్ష్యం ఇంత అందంగా ఉండడం నేనెక్కడా చూడలేదు.

ఏం చేయమంటారు? తిడదామంటే తప్పు పని చేయలేదు. మెచ్చుకుందామంటే ఏ పనీ చేయలేదు. చివరికి శాస్త్రం పక్షాన నిలబడ్డాను. మరో అయిదు వందలు చేతిలో పెట్టి, నలుగురినీ పైకి పిలిచి, అందరి ముందు "అంతా నీ చేతి చలవే" అన్నాను. కింది అంతస్తువాళ్లు ఫొటోలు తీసుకున్నారు. పంతులమ్మగారు కళ్లద్దాలు సవరించుకుని, కుండీ మట్టిని గోటితో ఒకసారి గీకి చూసి, నా వైపు, అతని వైపు చూసి, ఏమీ అనకుండా దిగి వెళ్లిపోయారు. "ఇలాగే చూసుకో" అని నేను వాచ్‌మన్ భుజం తట్టాను. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నేను చేసిన పొరపాటు అదే. పొగడ్త మనిషిని మారుస్తుందని ఆ క్షణాన తోచలేదు.

మర్నాటి నుంచి అతను నిజంగానే పోయడం మొదలుపెట్టాడు. పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు. సాలెపురుగు కాపురం ఖాళీ చేసింది. పదిహేను రోజులకు రాణి రంగంతా మిద్దె మీద రాలి, కాళ్లకింద నిజంగానే కాగితాల్లా గరగరలాడింది. కొమ్మలకు కొత్త ఆకులు పుట్టుకొచ్చాయి, నిగనిగలాడుతూ, అరచేయంత. ఎలా ఆపమని చెప్పను? నువ్వు పోయవని నమ్మి డబ్బిచ్చానని చెప్పాలా?

నిన్న పొద్దున ఆరింటికి పైన ఏదో చప్పుడైతే వెళ్లి చూశాను. అతను కుండీ ముందు గొంతుక్కూర్చుని, మొదలు చుట్టూ అరటితొక్కలు పరిచి, జాగ్రత్తగా మట్టి కప్పుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఇవి వేస్తే ఇంకా బాగా పూస్తాయట సార్. మీరు రాసిచ్చిన కాగితంలో ఉంది" అన్నాడు.