దుమ్ము పక్షాన నాలుగు మాటలు

ఇంట్లోనే వినైల్ (ప్లాస్టిక్) గ్రామఫోన్ రికార్డులు కడుక్కునేవాళ్లు ఎక్కువైపోయారు. పాట చెక్కిన గాడిలో ఏళ్ల తరబడి కాపురమున్న దుమ్ము గోడు మాత్రం ఎవరికీ పట్టదు. ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) గాడి వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు అటూఇటూ. అంత ఇరుకులో సర్దుకుపోయి బతుకుతుంటే ఖాళీ చేయించడం ఏం న్యాయం?

అయితే మా క్షేమం కోరే పెద్దమనుషులూ ఉన్నారు. వారిలో అగ్రగణ్యుడు రికార్డు మీద ఉఫ్‌మని ఊది, చొక్కా అంచుతో గట్టిగా రుద్దేవాడు. నోటి తుంపర మాకు జిగురు. పొడిగా రుద్దితే రికార్డుకు స్టాటిక్ (దుమ్మును లాగే స్థిర విద్యుత్తు) ఎక్కి, గదిలో ఉన్న మా బంధువర్గమంతా పిలవకుండానే వచ్చి వాలుతుంది. తర్వాతి స్థానం కుళాయి నీళ్లవాడిది. నీళ్లు ఆరిపోతాయి, వాటిలోని లవణాలు గాడి అడుగున మిగిలి చిటపటలాడతాయి.

ఆల్కహాల్ దగ్గర మాత్రం మాకూ భయమే. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత రికార్డులు చాలావరకు షెల్లాక్‌వి, అంటే లక్కతో చేసినవి. ఆల్కహాల్ తగిలిందా, గాడే కరిగిపోతుంది. ఇల్లే కూలిపోతే మేమెక్కడుండాలి? ఈ చర్యను తీవ్రంగా ఖండిస్తున్నాం.

అసలు శత్రువు వేరు. అతను లేబుల్ తడవకుండా మూత బిగిస్తాడు. వినైల్‌కైతే 800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగూ వాసనా లేని నాన్ అయానిక్ సర్ఫాక్టెంట్ (మురికిని వదిలించే సబ్బులాంటి ద్రవం) రెండు మూడు చుక్కలు కలుపుతాడు. రికార్డుపై పరిచి ఒకట్రెండు నిమిషాలు నాననిస్తాడు. మెత్తటి బ్రష్‌ను గాడి వెంటే గుండ్రంగా తిప్పుతాడు, అడ్డంగా ఎన్నడూ గీకడు. ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. చాలామంది ఆగుతారు కూడా, వారికి మా కృతజ్ఞతలు. వాళ్లు వదిలేసిన సబ్బు పొర మాతో కలిసి, పాట మొదలవగానే సూది కొసన బూడిదరంగు ముద్దగా పేరుకుంటుంది. ఈ శత్రువు మాత్రం ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడుగుతాడు. తుడవడానికి వేరే మైక్రోఫైబర్ గుడ్డ తీస్తాడు. హెయిర్ డ్రయర్ జోలికి పోకుండా, ఎండ తగలని చోట నిలబెట్టి ఆరనిస్తాడు. వేడికి రికార్డు వంకర పోతుందన్న ఇంగితం కూడా ఉంది, ఏం చేస్తాం!

కార్బన్ ఫైబర్ బ్రష్‌వాడితో పెద్ద ఇబ్బంది లేదు. చివర్లో బ్రష్‌ను మెల్లగా అంచు బయటికి లాగకుండా చటుక్కున ఎత్తేస్తాడు. మేం గీత గీసినట్టు వరసకట్టి అక్కడే ఉండిపోతాం. సూదిని వెనక నుంచి ముందుకు తుడిచేవాళ్లు ఎటూ తక్కువే.

ఇక మా పాలిట దేవుళ్లు వేరే ఉన్నారు. అరగంట సేపు శాస్త్రోక్తంగా కడిగి, మెరుస్తున్న రికార్డును నూగూ బూజూ నిండిన అదే పాత కాగితం కవరులోకి జారవిడుస్తారు. పాలిథీన్ యాంటీస్టాటిక్ కవర్లు కొందామన్న ఆలోచన వాళ్లకు రాకుంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.