ఐదు రూపాయల స్టేషన్

మన దేశంలో రైల్వే స్టేషన్ ముందు పాన్ మరక, ఆటో బేరం, గోనెసంచి మీద కునుకు, ఇవేవీ లేని చోటు ఒక్కటే ఉంది: తపాలా బిళ్ళ. 2009 ఏప్రిల్ 16న తపాలా శాఖవారు హౌరా, ఓల్డ్ ఢిల్లీ, ముంబై సీఎస్టీ, చెన్నై స్టేషన్లను ఐదేసి రూపాయలకి మనకి అమ్మారు. ముహూర్తం ఆషామాషీగా పెట్టలేదు. 1853లో బోరీబందర్ నుంచి ఠాణాకి మొదటి ప్యాసింజర్ రైలు కదిలింది ఆ తారీఖునే.

నాలుగింట్లో నాకు చెన్నై మీద మమకారం. సినిమాల్లో చేరాలని ఇంట్లో చెప్పకుండా రైలెక్కిన మనవాళ్ళు ట్రంకుపెట్టెతో దిగిందక్కడే. బయటికొచ్చి తలెత్తితే ఆ గడియారమే. ఆ బిళ్ళంటించి నాకు నేనే ఓ కవరు పోస్టు చేసుకున్నాను. కౌంటర్లో ఆయన రెండు అడ్రసులూ చూసి, "మీకు మీరేనాండీ?" అని, జాలిగా ఓ చూపు చూసి, సరిగ్గా గడియారం మీద ధనామని ముద్ర గుద్దాడు. టైమెంతయిందో పోయింది గానీ తేదీ మాత్రం చక్కగా పడింది.

బిళ్ళకున్న లోపమల్లా పేరు మార్చలేకపోవడం. విక్టోరియా టెర్మినస్ 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయింది, 2017లో మధ్యన 'మహారాజ్' చేరింది. పాపం బిళ్ళ సీఎస్టీ దగ్గరే ఆగిపోయింది. చెన్నైకి 2019లో పెట్టిన పేరైతే, పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్ రైల్వే స్టేషన్, అచ్చువేస్తే బురుజు కనబడదు. రైలు పట్టినా పట్టకపోయినా పేరు పట్టేంత ప్లాట్‌ఫారం కావాలి.

ఆ నాలుగింట్లో సికింద్రాబాద్ లేదు. 1874 నుంచి రైళ్ళు చూసిన స్టేషనది. 2025లో దాని పాత ముఖాన్ని బుల్డోజర్లు కూల్చాయి. విమానాశ్రయంలా కొత్తది కడుతున్నారట. రైలెక్కేవాడికి విమానమెక్కినట్టుండాలి, సబబే. పాత ముఖానికి ఐదు రూపాయలు ఖర్చుపెట్టి ఉంటే ఆల్బమ్‌లోనైనా మిగిలేది.

1916 నాటి కాచిగూడకి గుమ్మటాలింకా ఉన్నాయి. అంచేత తపాలా శాఖవారికి నా మనవి: కొలతల టేపు పట్టుకుని ఎవరో రాకముందే దాన్నోసారి ఫొటో తీయించండి. బిళ్ళ వేస్తే పది కొంటాను. ముద్ర మాత్రం ఓ మూలకి కొట్టమనండి.