బావ కంప్యూటరుకి ఇంటినిండా డాక్టర్లే

మా బావ కంప్యూటర్ని రెడీమేడ్‌గా కొనలేదు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ దేనికది ఆర్డరు పెట్టి, వీడియోలు చూస్తూ డైనింగ్ టేబుల్ మీద తనే బిగించాడు. ఆ రోజు అందరి భోజనాలూ అరుగు మీదే. ప్రాసెసర్ మీద, దాని వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్టు బఠాణీ గింజంత పెడుతుంటే అత్తయ్యకి నచ్చలేదు. "అంత పిసినారితనం దేనికిరా, ఇంకాస్త వెయ్యి" అంది. వడ్డించి అలవాటైన చెయ్యి మరి.

బిగించిన రోజు బాగానే వెలిగింది. రాత్రి ఏడింటికి మాత్రం తెర నీలంగా మారిపోయి, ఏడుపు మొహం పెట్టి, దానంతటదే రీస్టార్ట్ అయింది. మర్నాడూ అంతే.

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర పల్లెటూరు వాళ్లది. ఎటు చూసినా రొయ్యల చెరువులే. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి చీకటి పడగానే చెరువుల్లో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతాయి, ఇళ్లలో ఓల్టేజీ పడిపోతుంది. అందుకని మావయ్య మంచం మీంచి లేవకుండానే తీర్పు చెప్పేశాడు: "ఓల్టేజీ రా."

కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, అదే ఎస్‌ఎమ్‌పిఎస్, దాని మీద 100–240 వోల్టులని రాసుంది, మీటరులో 170 కనిపించినా దానికేం ఇబ్బంది లేదని నేను చెప్పాను. "రాసినవన్నీ నిజాలైతే మేత బస్తా మీద రాసినంత రొయ్య నా చెరువులో పెరగాలి కదా అల్లుడూ" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. పాత ఫ్రిజ్ స్టెబిలైజర్ అటక మీంచి దిగింది. టక్కుటక్కుమని చప్పుడైతే చేసింది గానీ నీలం తెర ఆపలేదు.

నాయనమ్మ దిష్టి అంది. కేసుకి నిమ్మకాయ కడతానంటే బావ గాలి తగలదని ఒప్పుకోలేదు. షాపతనికి ఫోన్ చేస్తే "విండోస్ మళ్లీ వెయ్యండి సార్" అన్నాడు. ఏం చెప్పినా అతని మందు అదే. వేశాం. సగంలో మళ్లీ ఏడుపు మొహం. ఒక రకంగా అదే మంచిదైంది. ఇంకా పూర్తిగా ఎక్కని విండోస్‌ని ఎలా తప్పుపడతాం?

అంతకుముందు విండోస్ రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్లో చూస్తే ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని పడింది. "పవర్ అన్నాడు చూశావా" అని మావయ్య మీసం దువ్వాడు. కానీ ఆ 41 పంచనామాలో "మనిషి పోయాడు" అని రాసినట్టే. సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెబుతుంది తప్ప, ఎందుకో చెప్పదు.

చివరికి పెన్‌డ్రైవ్‌లో, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఎక్కించి రాత్రంతా వదిలేశాం. తెల్లారేసరికి తెరంతా ఎర్ర గీతలు. ర్యామ్ పెట్టె మీద 3600 అని గొప్పగా ఉంది. ఎక్స్‌ఎంపి అనే సెట్టింగు ఆన్ చేస్తేనే ఆ వేగం, లేకపోతే అంతకంటే నిదానంగా నడుస్తుంది. ర్యామో, ప్రాసెసరో, బోర్డో ఆ వేగాన్ని తట్టుకోలేకపోతోందన్నమాట. విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, అంటే బయోస్‌లో, ఎక్స్‌ఎంపి తీసేసి మళ్లీ టెస్ట్ పెడితే ఒక్క తప్పు లేదు. మరి రోజూ ఏడింటికే ఎందుకంటే, బావ చెరువు నుంచి వచ్చి ఆట మొదలెట్టేది అప్పుడే. పగలు దాన్ని ముట్టుకున్నవాడే లేడు.

నీలం తెర పోయింది. కానీ కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ కూడా పోతోంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్యాను రెప్ప కూడా కొట్టదు. ఎస్‌ఎమ్‌పిఎస్ కరెంటు లేకుండా ఓర్చుకునేది దాదాపు సెకనులో అరవయ్యో వంతు. ఇన్వర్టర్ వెనక స్విచ్చి మామూలు మోడ్‌లో ఉంటే బ్యాటరీకి మారడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే సరిపోతుంది.

పెట్టాం. ఇన్వర్టర్ బిగించిన కుర్రాడు అది చూసి గుండె పట్టుకున్నాడు. "ఆ మోడ్‌లో ఓల్టేజీ 180కి తగ్గితే చాలండి, బ్యాటరీ మీదికెళ్లిపోద్ది. మనకి రోజూ తగ్గుద్ది కదండి. అర్ధరాత్రికి బ్యాటరీ అయిపోయి ఫ్యానాగిపోతుంటే నాయనమ్మగారే నాతో మార్పించారండి. ఆయ్."

నాయనమ్మ ఫ్యానా, బావ కంప్యూటరా అన్న ప్రశ్నకి ఆ ఇంట్లో ఓట్లు వెయ్యక్కర్లేదు. స్విచ్చి వెనక్కి వెళ్లింది. బావ కంప్యూటర్ కోసం విడిగా చిన్న యూపీఎస్ కొన్నాడు. అది భేషుగ్గా పనిచేసింది. కాకపోతే కరెంటు పోగానే కీచుకీచుమని కూస్తుంది.

మూడో రోజు రాత్రి రెండింటికి ఆ కూతకి మావయ్య ఉలిక్కిపడి లేచాడు. బావని తిట్టబోయి ఆగి, చెప్పులైనా వేసుకోకుండా చెరువు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఏరియేటర్లు ఆగిపోయి ఉన్నాయి, కాపలా కుర్రాడు గురకపెడుతున్నాడు. మావయ్యే జనరేటర్ వేశాడు. తెల్లారేదాకా అలాగే ఉంటే పంట మొత్తం తేలిపోయేది.

యూపీఎస్ ఇప్పుడు మావయ్య మంచం కింద ఉంది. బావ ఇంకోదానికి ఆర్డరు పెట్టాడు.